నీళ్ళు పోయకూడని కుండీలు

“నేనే పోశాను,” అంది నాయనమ్మ రెండోసారి. మొదటిసారి ఎవరూ ఉలకలేదు, పలకలేదు కాబట్టి ఈసారి కాస్త గొంతు పెంచింది.

బాల్కనీ గడప మీద కూర్చున్న మనవరాలు తల తిప్పి చూసింది. ఆ పిల్లకి ఇంట్లో ‘ఎందుకమ్మ’ అని పేరు. మాటలు వచ్చిన నాటినుంచి కనబడ్డ ప్రతిదానికీ ఎందుకని అడిగి, అడిగి, పెద్దావిడ చేత పెట్టించుకున్న పేరది. స్కూలు చివరి సంవత్సరంలోకి వచ్చినా పేరు పోలేదు, అలవాటూ పోలేదు. అయితే ఇవాళ పొద్దున్నుంచి ఆ పిల్ల ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. ఎవరు అని మాత్రమే అడుగుతోంది.

ఆమె ముందు చిక్కుడు మొక్కల కుండీలు మూడు వరసలుగా ఉన్నాయి. మొదటి వరసకి సరిపడా నీళ్ళు. రెండో వరసకి అందులో సగం. గోడవారనున్న మూడో వరసకి అసలు లేవు. ఆ మూడో వరస ఎన్నాళ్ళకి చస్తుందో చూడడమే ఎందుకమ్మ పరిశోధన. అవి చావలేదు. వాడి, వేలాడి, మళ్ళీ తేరుకుని, సగం నీళ్ళు తాగిన వరసతో పోటీపడి బతికాయి. నీళ్ళు లేకపోవడాన్ని కూడా మొక్క నేర్చుకోగలదని ఎందుకమ్మ దాని మీద పెద్ద వ్యాసం రాసింది. బయాలజీ టీచరు అది చదివి నలుగురికీ చూపించి మెచ్చుకుంది. మెచ్చుకున్న టీచరే, దేనికైనా మంచిది, నాలుగు కుండీలు స్కూల్లో కూడా పెట్టి చూడమంది. స్కూల్లో పెట్టినవి బుద్ధిగా ఎండిపోయి చచ్చిపోయాయి.

అంటే ఇంట్లోవాటికి ఎవరో నీళ్ళు పోశారు.

రేపు పొద్దున ఆ వ్యాసం మీద టీచరుతో ఆఖరి సంభాషణ. అది అయ్యాక వ్యాసం పైకి, మార్కులు వేసేవాళ్ళ దగ్గరికి పోతుంది. టీచరు సంగతి తేల్చి చెప్పేసింది. ఎవరు పోశారో, ఎంత పోశారో, ఎప్పుడు పోశారో ఉన్నదున్నట్టు రాస్తే వ్యాసానికి వచ్చిన నష్టం లేదు, పరిశోధనలో పొరపాటు జరిగిందని ఒప్పుకోవడం కూడా పరిశోధనే. ఏమీ తేల్చకుండా పట్టుకొస్తే మాత్రం అది ఈ పిల్ల నిజంగా చేసిన పనే అని తాను పూచీ పడదు. ఆ పూచీ లేకపోతే వ్యాసం లెక్కలోకి రాదు. వ్యాసం లెక్కలోకి రాకపోతే, మిగతా ఆరు సబ్జెక్టుల్లో ఎన్ని మార్కులొచ్చినా, అంతర్జాతీయ డిప్లొమా చేతికి రాదు. రెండేళ్ళ చదువు వచ్చి వచ్చి ఒక వరస కుండీల దగ్గర ఆగింది.

“ఎంత పోశావు నాయనమ్మా?” అంది ఎందుకమ్మ.

“ఎంతేమిటే? దాహంతో ఉన్న మొక్కకి ఎంత పోస్తారో అంత.”

“గ్లాసా, చెంబా?”

పెద్దావిడ ఒక్క క్షణం కొడుకు వైపు చూసింది. కొడుకు హాల్లో బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఆయన లిఫ్టు మెకానిక్. సెలవు రోజున కూడా చేతులు ఊరుకోవు కనుక వాకిలి కాలింగ్ బెల్ ఊడదీసి ముక్కలన్నీ బల్ల మీద పరిచాడు. నిన్నటి వరకు ఆ బెల్లు బాగానే మోగింది. తల ఎత్తకుండా ఒక స్ప్రింగుని గోటితో సాగదీస్తున్నాడు.

“గ్లాసు,” అంది నాయనమ్మ. “రోజూ ఒక గ్లాసు. మధ్యాహ్నం, మీరెవరూ లేనప్పుడు.”

ఎందుకమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళి గ్లాసు నిండా నీళ్ళు తెచ్చింది. మూడో వరసలో ఒక కుండీలో పోసింది. మట్టి కాసేపు గుటకలు వేసింది. తర్వాత కుండీ అడుగునున్న కన్నంలోంచి నీళ్ళు బయటికొచ్చి, గచ్చు మీద పారి, గొట్టంలోంచి కిందికి దిగాయి. కింది వాటా వాళ్ళు తడి బట్ట నుంచి రెండు చుక్కలు పడితేనే పైకొచ్చి పేచీ పెట్టుకునే రకం. రోజూ ఇన్ని కుండీల నీళ్ళు నెత్తిన పడుతుంటే వాళ్ళు నోరు మూసుకుని ఊరుకుంటారని ఇంట్లో ఎవరూ అనుకోలేరు.

“అయితే అరగ్లాసనుకో,” అంది నాయనమ్మ.

“ఇది బేరం కాదు నాయనమ్మా.”

అంతటితో వదల్లేదు. నీకు మోకాళ్ళు వంగవు కదా, గోడవారన కిందనున్న కుండీల్లో ఎలా పోశావని అడిగింది. నిలబడే పోశానంది పెద్దావిడ, గురి చూసి. నేను చెప్పాను కదా, రాసుకో అంది. నువ్వు చెప్పినంత మాత్రాన అది నిజమని నాకెలా తెలుస్తుంది అంది ఎందుకమ్మ. పెద్దావిడకి కష్టమేసింది. మనకి తెలిసినదంతా మనకెలా తెలిసిందో చెప్పే క్లాసొకటి ఈ డిప్లొమాలో ఉందని విన్నప్పుడే తనకి అనుమానం వచ్చిందనీ, తిన్నగా ఉన్న పిల్లల్ని ఇలా తయారు చేయడానికే ఆ క్లాసు పెట్టి ఉంటారనీ కోడలితో చెప్పుకుంది.

కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. కొన్నాళ్ళుగా ఇంట్లో ఆమె చోటు అదే. తండ్రీ కూతుళ్ళు మాట్లాడుకోరు. ఒకరికి చెప్పాల్సింది ఆమె మొహం చూసి చెబుతారు. ఇద్దరి మధ్యా నాలుగు అడుగుల దూరం ఉంటుంది కాబట్టి ఆమె ఆ మాట మోయక్కర్లేదు, మధ్యలో నిలబడితే చాలు.

“దానికి చెప్పు,” అన్నాడు ఆయన స్ప్రింగుతో. “పెద్దావిడ ఒప్పుకున్నాక ఇంకా సతాయించొద్దని.”

“నాన్నకి చెప్పమ్మా,” అంది ఎందుకమ్మ. “అబద్ధం రాసినా వ్యాసం పోతుంది. పోయేదానికి అబద్ధం కూడా దేనికని.”

ఆయన చేతిలో స్ప్రింగు జారి బల్ల కిందికి దొర్లింది. ఆయన దానికోసం వంగి, కావలసినదానికంటే ఎక్కువసేపు వెతికాడు.

*

తల్లి పని చేసేది చెవుల ఆసుపత్రిలో. వచ్చినవాళ్ళని అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక బటన్ ఇస్తుంది. చప్పుడు వినబడితే నొక్కమంటుంది. బయట కూర్చుని చప్పుడు తగ్గిస్తూ పోతుంది. అన్నేళ్ళుగా అదే పని చేస్తోంది కాబట్టి మనుషుల్లో రెండు రకాలవాళ్ళని ఆమె ఇట్టే పోల్చుకుంటుంది. చప్పుడు లేకపోయినా నొక్కేవాళ్ళు ఒక రకం. వాళ్ళు అబద్ధాలకోరులు కారు. పరీక్ష పెట్టే మనిషి చిన్నబుచ్చుకుంటుందేమోనని నొక్కుతారు. వినబడినా నొక్కనివాళ్ళు రెండో రకం. వీళ్ళతోనే కష్టం. ఎందుకు నొక్కడంలేదో వాళ్ళకే తెలియాలి.

అత్తగారు నేనే అన్నప్పుడు, చప్పుడు లేకుండా బటన్ నొక్కిందని ఆమెకి వెంటనే తెలిసిపోయింది. తెలియడానికి ఆసుపత్రిలో నేర్చుకున్న విద్య కూడా అక్కర్లేదు. నీళ్ళు ఎవరు పోశారో ఆమె కళ్ళారా చూసింది.

చూసి చాలా రోజులైంది. ఒక పొద్దున, ఇంకా సరిగ్గా వెలుగు రాకముందు, పాలు పొయ్యి మీద పెట్టి వంటింటి కిటికీలోంచి యథాలాపంగా బాల్కనీ వైపు చూసింది. భర్త పనికి బయల్దేరే ముందు అక్కడి వాష్‌బేసిన్ దగ్గర గడ్డం గీసుకుంటాడు. గీసుకోవడం అయింది. తువ్వాలు మెడలో ఉంది. గడ్డానికి వాడే స్టీలు మగ్గు కడిగి, కుళాయి తిప్పి నింపి, గోడవారన కుండీల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఒక్కొక్కదాని ఆకులు వేలితో ఎత్తి చూస్తున్నాడు. వేలాడుతున్నదాని మొదట్లో మెల్లిగా, మట్టి చెదరకుండా పోస్తున్నాడు.

ఆ వరసకి నీళ్ళు పోయకూడదని ఆమెకి తెలుసు. కూతురు చెప్పింది, ఒకటికి రెండుసార్లు చెప్పింది. అయినా కిటికీ తలుపు తియ్యలేదు. పాలు పొంగిపోయాయి. నెలల తరబడి కూతురి చదువు ఊసెత్తని మనిషి ఇలా కుండీల ముందు కూర్చున్నాడు. తాను ఒక్క మాట అంటే అది కూడా ఆగిపోతుంది. ఆగకూడదనుకుంది. అంతే, అంతకంటే ఆలోచించలేదు. ఆ తర్వాత ఎన్నో పొద్దులు ఆ మగ్గు చప్పుడు విని కూడా పొయ్యి దగ్గరే నిలబడింది.

ఆరు నెలల కిందటి గొడవ పైకి చూస్తే చాలా చిన్నది. ఎందుకమ్మ సొంత భాషా సాహిత్యం, ఇంకో భాష, చరిత్ర, బయాలజీ, లెక్కలు, నాటకం, ఆరూ ఒకేసారి చదువుతోంది. అవి చాలనట్టు వారానికోసారి ముసలివాళ్ళ ఆశ్రమానికి వెళ్ళి పేపరు చదివి వినిపించడం కూడా చదువులో భాగమే. తండ్రికి ఇది మింగుడుపడలేదు. ఆయన జీవితమంతా ఒక్క పనే చేశాడు, అదే తిండి పెట్టింది. లిఫ్టు ఎక్కినవాడు ఆరు బటన్లూ ఒకేసారి నొక్కితే ఎక్కడికి పోతాడని అడిగాడు. అది ఆయన సరదాగానే అన్న మాట. ఆరింటి దగ్గరా ఆగుతాడు నాన్నా, ఆగితే తప్పేముంది అంది కూతురు. అదీ సరదాగానే అంది. కానీ చుట్టాలు కూర్చుని ఉన్నారు, నవ్వారు. నవ్వింది తన మాటకి కాదు, కూతురి మాటకి. ఆయన మొహం ఎర్రబడింది. ఇక నీ చదువులో నేను వేలు పెట్టను, పెడితే అడుగు అన్నాడు. అన్నమాట మీద నిలబడ్డాడు కూడా. వేలు పెట్టలేదు. మగ్గు పట్టుకున్నాడు.

*

కూతురు బాల్కనీలో ఉండగా తల్లి అత్తగారి దగ్గరికి వెళ్ళింది. పెద్దావిడ మంచం మీద కూర్చుని కళ్ళజోడు పైటతో తుడుస్తోంది.

“మీరెందుకు ఒప్పుకున్నారత్తయ్యా?”

“వాడు ఒప్పుకోడు కాబట్టి,” అందావిడ, కళ్ళజోడు వైపు చూస్తూనే.

 మీకెలా తెలుసని తల్లి అడగబోయి మానుకుంది. అడిగితే పెద్దావిడ కూడా అదే ప్రశ్న తిరిగి అడుగుతుంది.

“చిన్నప్పుడూ అంతే,” అంది నాయనమ్మ. “పగలగొట్టినవాడు పగలగొట్టానని చెప్పడు. అతికించి పెడతాడు. మనమే చూసుకోవాలి అతుకు ఎక్కడుందో.” కళ్ళజోడు పెట్టుకుని కోడలి మొహం పరీక్షగా చూసింది. “నీకు అన్నీ వినబడతాయి కదమ్మాయ్, నీ ఉద్యోగమే అది. నువ్వేం చేస్తావో చెయ్యి. నేను చెప్పగలిగిన అబద్ధం నేను చెప్పేశాను.”

తర్వాత తల్లి పడగ్గదిలోకి వెళ్ళింది. భర్త బట్టల అలమార తలుపు బందు బిగిస్తున్నాడు. బెల్లు బల్ల మీద అలాగే ఉంది. గది తలుపు దగ్గరికి వేసి ఆమె మెల్లిగా విషయం చెప్పింది. పిల్లకి కావలసింది తప్పెవరిదని కాదు. ఎంత పోశారో, ఎప్పుడు పోశారో కావాలి. అది తప్పుగా చెబితే వ్యాసం రెండోసారి పాడవుతుంది. అత్తయ్య చెప్పింది ఏ లెక్కకీ అందదు.

“నాకెందుకు చెబుతున్నావు ఇదంతా?” అన్నాడు ఆయన.

ఆమె ఆయన్నే చూసింది. నేను చూశాను అని రెండు మాటలు చాలు. అవి పెదవుల దాకా వచ్చాయి. చూసినదాన్ని అన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నావని ఆయన అడుగుతాడు. మీరు దాని కోసం ఏదో ఒకటి చేస్తున్నారని సంతోషించి ఊరుకున్నాను అంటే, ఆ మాట వినడం ఆయనకి పట్టుబడిపోవడం కంటే ఎక్కువ సిగ్గు. ఆమెకి అది తెలుసు. తెలిసి ఆగింది.

“ఊరికే చెబుతున్నాను,” అంది.

“అమ్మ ఒప్పుకుంది. అక్కడికి అయిపోయింది. రాసుకోమను.”

“పిల్ల నమ్మడం లేదు.”

“అది ఎవర్ని నమ్మింది కనుక?” అని ఆయన స్క్రూ ఇంకో చుట్టు తిప్పాడు. బందు అవసరానికి మించి బిగిసింది. తలుపు ఇప్పుడు సగానికి వచ్చి ఆగిపోతోంది. ఆయన దాన్ని రెండుసార్లు లాగి చూసి, ఏమీ జరగనట్టు స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు.

*

మధ్యాహ్నం నలుగురూ భోజనాలకి కూర్చున్నారు. కలిసి తినడం ఆ ఇంట్లో ఎన్ని గొడవలున్నా తప్పనిది. పెద్దావిడ పెట్టిన నియమం. అలిగినవాళ్ళు కూడా ఇక్కడే కూర్చుని అలగాలి.

ఎందుకమ్మ నాలుగు ముద్దలు తిన్నాక మంచినీళ్ళు తాగి, తల్లి వైపు తిరిగింది.

“అమ్మా, నాన్నకి చెప్పు. నేను డిప్లొమా మానేస్తున్నాను.”

ఆ గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. రేపు బస్సు ఏ దారిన పోతుందో చెప్పినట్టుంది. వివరం కూడా తానే చెప్పింది. వ్యాసం వెనక్కి తీసుకుంటుంది. పరీక్షలు రాస్తుంది. ఆరింటికీ విడివిడిగా సర్టిఫికెట్లు ఇస్తారు, డిప్లొమా అని మాత్రం ఇవ్వరు. తాను చేరాలనుకున్న కాలేజీకి డిప్లొమా లేకపోతే కుదరదు, కాబట్టి ఇంకోటి చూసుకుంటుంది. నాన్న మొదట్నుంచీ చెప్పినట్టే ఏదో ఒక్క బటన్ నొక్కుతుంది.

“తప్పుగా వచ్చిందని ఒప్పుకోవచ్చే,” అంది తల్లి. “టీచరు కూడా అదే అన్నారు కదా.”

“ఏం తప్పో తెలిస్తే ఒప్పుకుంటాను. ఎవరో పోశారు, ఎంతో పోశారు, ఎప్పుడో పోశారు అని రాస్తే అది వ్యాసం కాదమ్మా.”

నాయనమ్మ నోరు తెరవబోయింది. ఎందుకమ్మ ఆవిడ చేతి మీద చెయ్యి వేసింది, వద్దన్నట్టు. 

తండ్రి కోరుకున్నది ఆయనకి దొరికింది. ఆరు నెలలుగా ఈ మాట కోసమే కదా ఆయన మూతి బిగించుకుని కూర్చుంది. ఇప్పుడు ఆయన కాస్త స్థిమితపడాలి. తల్లి ఆ మొహంలో అది వెతికింది. ఆయన కలిపిన ముద్ద కంచంలోనే ఉంది. చెయ్యి దాని మీద ఆగిపోయింది.

కూతురు చెప్పడం అయిపోయినట్టు తల వంచి తింటోంది. ఎవరైనా మాట్లాడాలి. ఇంట్లో మాటలు మోసే మనిషి తానే కనుక అందరూ తన కోసమే ఆగినట్టు తల్లికి అనిపించింది. కానీ ఈసారి మోయడానికి ఎవరూ మాట ఇవ్వలేదు.

ఆమె లేచింది. చెయ్యి కడుక్కుంది. బాల్కనీలోకి వెళ్ళి, వాష్‌బేసిన్ మీద అద్దం పక్కనున్న స్టీలు మగ్గు తీసుకుంది. అందులోని బ్రష్షు తీసి పక్కన పెట్టింది. మగ్గు తెచ్చి భోజనాల బల్ల మధ్యలో, భర్త కంచానికీ కూతురి కంచానికీ నడుమ, పెట్టింది. 

ఆయన మగ్గు వైపు చూశాడు. ఆ తర్వాత భార్య వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటుందని ఆమె అనుకుంది. లేదు. చాలాసేపు బరువు పట్టుకుని నిలబడ్డవాడు కిందికి దించే చోటు దొరికినప్పుడు చూసినట్టు చూశాడు.

“అందులో సగం,” అన్నాడు మగ్గుతో.

ఎందుకమ్మ తల ఎత్తింది.

“కుండీకి అందులో సగం. పనికి పోయే ముందు. రోజూ కాదు. ఆకులు వేలాడితేనే.”

ఎందుకమ్మ కంచం పక్కకి జరిపింది. తల్లి వైపు తిరగలేదు. తిన్నగా ఆయన మొహంలోకి చూసింది. “ఎప్పుడు మొదలుపెట్టారు?”

“అవి మొదటిసారి వాడినప్పుడు.”

“అన్నిటికీనా?”

“గోడవారనున్నవాటికి. ఆ చివరిదానికి చెయ్యి సరిగ్గా అందేది కాదు. దానికి కాస్త తక్కువే పడుంటుంది.”

“అందుకా,” అంది ఎందుకమ్మ. ఆ చివరి కుండీ మిగతావాటి కంటే నీరసంగా ఎందుకుందో ఆమె వ్యాసంలో ఒక పేజీ రాసింది. గోడ నీడ అనీ, గాలి తగలదనీ, వేళ్ళు మెలిపడ్డాయనీ. నాన్న చెయ్యి అందలేదని రాయలేదు.

లోపలికి వెళ్ళి గీతలున్న కొలజాడీ తెచ్చింది. ఎంత పోసేవారో అంతే పోయండి నాన్నా, ఆలోచించొద్దు అంది. ఆయన ఎంగిలి చెయ్యి కడుక్కుని, కుళాయి కింద మగ్గు నింపి, కుండీలో పోసినట్టే వంచాడు. ఆమె గీత చూసి రాసుకుంది. మళ్ళీ పోయమంది. మళ్ళీ పోశాడు. ప్రతిసారీ కొలత మారింది. మీ చెయ్యి రోజుకో రకం అంది ఆమె, నొచ్చుకోకుండానే. సరాసరి తీస్తానంది. ఆయన తల ఊపాడు. ఇద్దరూ కొలజాడీ మీదికి వంగి ఉన్నారు. ఆరు నెలల్లో అంత దగ్గరగా రావడం అదే మొదటిసారి. నాయనమ్మ తన కంచంలోకి చూసుకుంటూ, చూడనట్టు చూస్తోంది.

తల్లి వాళ్ళని అలా వదిలేసి, తీసిన కంచాలు పట్టుకుని సింకు దగ్గరికి వెళ్ళింది. వంటింటికీ భోజనాల బల్లకీ మధ్య తలుపులేని ఆ గుమ్మం ఒక్కటే. కుళాయి తిప్పింది. ఆమెకి సంతోషంగా ఉంది. దాచుకోవాలనిపించేంత సంతోషం. అందుకే వీపు తిప్పి నిలబడింది.

వెనక తండ్రి ఇంకా నిలబడే ఉన్నాడు. కూతురు అడగాల్సినవన్నీ అడిగేసి కాగితం మడుస్తోంది. ఆయన ఇంకో ప్రశ్న కోసం ఎదురుచూస్తున్నాడని కంచాలు తోముతున్న మనిషికి కూడా తెలుస్తోంది.

“ఎందుకని అడగవేం?” అన్నాడు చివరికి.

“అది వ్యాసంలోకి రాదు నాన్నా. ఎవరు, ఎంత, ఎప్పుడు. అవి చాలు.”

 అడగకపోయినా ఆయన చెప్పాడు. “చచ్చిపోతున్నాయి కదా. అవి పోతే నీ చదువు పోతుందనుకున్నాను.”

“చావాలనే పెట్టాను నాన్నా. ఎప్పుడు చస్తాయో చూడడానికే.”

ఆయనకి ఆ మాట ఎక్కడానికి కొంచెంసేపు పట్టింది. బాల్కనీ వైపు చూశాడు. గోడవారన చిక్కుడు మొక్కలు పచ్చగా, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉన్నాయి.

“నాకెవరూ చెప్పలేదు,” అన్నాడు.

అది నిజమే. ఆయన వేలు పెట్టనన్నాడు కాబట్టి కూతురు చెప్పలేదు. అడిగితే మాట తప్పినట్టవుతుంది కాబట్టి ఆయన అడగలేదు.

“ఎవరు చెబుతారు?” అంది ఎందుకమ్మ. ఈసారి ఆమె గొంతు కాస్త మెత్తబడింది. “మీరు పోస్తున్నట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు కదా. తెలిస్తే…”

అక్కడ ఆగింది.

తల్లి చేతిలో కంచం ఆగింది. వీపు వెనక ఏం జరుగుతోందో ఆమెకి కనబడదు. వినబడుతోంది. కుర్చీ జరిగిన చప్పుడు. మగ్గుని బల్ల మీదనుంచి ఎత్తి, మళ్ళీ పెట్టిన చప్పుడు.

“అమ్మా,” అంది ఎందుకమ్మ. “మగ్గని నాన్న అనలేదు. నువ్వే తెచ్చిపెట్టావు.”

నాయనమ్మ ఈసారి నేనే అనలేదు.

తండ్రి కూడా భార్య వైపు తిరిగాడు. ఆ మగ్గు బల్ల మీదికి ఎలా వచ్చిందో ఆయనకీ ఇప్పుడే తట్టింది. నాకెవరూ చెప్పలేదని ఇంకోసారి అనలేదు. అనాల్సిన పని లేదు.

“ఆ వరసకి నీళ్ళు పోయకూడదని నీకు తెలుసు. నాన్న పోస్తున్నారని కూడా తెలుసు. ఒక్క మాట నాన్నకి చెప్పినా ఆగిపోయేది. నాకు చెప్పినా ఆగిపోయేది.” ఎందుకమ్మ గొంతు ఇందాక డిప్లొమా మానేస్తున్నానన్నప్పుడు ఉన్నంత నిలకడగా లేదు. “ఎందుకు చెప్పలేదమ్మా?”

ఆ రోజు ఆ పిల్ల నోటినుంచి వచ్చిన మొదటి ‘ఎందుకు’ అది.

కుళాయి ధారగా పోతోంది. ఆ చప్పుడులో వినబడలేదనుకోవచ్చు. అద్దాల గదిలో అలా కూర్చునేవాళ్ళని ఆమె ఎంతమందిని చూడలేదు. కూతురు రెండోసారి అడగలేదు. తల్లి కుళాయి కట్టేసింది.